ట్యూబులైటు డాక్టరు

గీసింది అబద్ధం చెప్పదని నమ్మి బతికినవాణ్ణి నేను. నీటిపారుదల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరి, సాగర్ కుడి కాలువ తూములూ డ్రాపులూ వంతెనలూ ట్రేసింగ్ క్లాత్ మీద గీసీ గీసీ రిటైరయ్యాను. ఇంజనీర్లు బదిలీ అయ్యేవాళ్లు, కాంట్రాక్టర్లు మాట మార్చేవాళ్లు, డ్రాయింగు మాత్రం బీరువాలోంచి ఎప్పుడు తీసినా ఒకే మాట చెప్పేది. సైటు నుంచి మేస్త్రీ వచ్చి "సార్, అక్కడ నేల అలా లేదు" అంటే, "నేల సంగతి నాకెందుకయ్యా, డ్రాయింగులో ఏముందో చెప్పు" అనేవాణ్ణి. వాళ్లు వెనకాల నన్నేమనుకునేవాళ్లో ఇప్పుడు ఊహించుకోగలను.

ఇలాంటివాడి చేతికి ఎక్స్‌రే ఫిల్ము దొరికితే ఊరుకుంటాడా? ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి. ప్లానూ ఎలివేషనూ అన్నమాట! మనిషి లోపలి కట్టడం అంతా నా భాషలోనే గీసి ఇచ్చినట్టు సంబరపడ్డాను. డాక్టర్లు చదివేదీ ఇదే, నేను చదివేదీ ఇదే, మధ్యలో వాళ్ల ఫీజొకటి దండగ అనుకున్నాను.

మొదటి ఫిల్ము నా కుడి మోకాలిది. పెద్ద నొప్పంటూ ఏమీ లేదు. మెట్లు దిగేటప్పుడు కాస్త పట్టేసేది, పూజ దగ్గర కింద కూర్చుని లేచేటప్పుడు కరకరమనేది. డాక్టరు నిలబెట్టి ఎక్స్‌రే తీయించాడు. చూసి, "ఈ వయసుకి మామూలే. నడవండి, తొడ కండకి పని చెప్పండి, నాలుగు కిలోలు తగ్గండి" అని పంపించేశాడు. ఇంతేనా అనిపించింది. ఇంటికొచ్చి హాల్లో ట్యూబులైటు కింద ఫిల్ము ఎత్తి పట్టుకుని నేనే చదివాను. తొడ ఎముకకీ కాలి ఎముకకీ మధ్య నల్లటి సందు బయటివైపు బాగానే ఉంది, లోపలివైపు సన్నబడిపోయింది. ఎముక అంచుల్లో ముళ్లు. సందుని ఆనుకుని ఎముక చిక్కటి తెలుపు తిరిగింది. కవర్లో రిపోర్టు తీస్తే అందులో ఒక అంకె కూడా ఉంది: గ్రేడ్ 3.

ఆ అంకె నా కొంప ముంచింది. 1957లో మాంచెస్టర్ వైద్యులు కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు ఎక్స్‌రేలో కనబడే అరుగుదలకి సున్నా నుంచి నాలుగు దాకా మెట్లు కట్టారు. ముల్లు ఉందా లేదా అన్నట్టుంటే ఒకటి, కచ్చితంగా ఉంటే రెండు, సందు స్పష్టంగా తగ్గితే మూడు, సందు దాదాపు మూసుకుపోయి ఎముక రూపు చెడితే నాలుగు. నాది మూడు! ఎస్సెల్సీలో లెక్కల మార్కులు కూడా అంతమందికి చెప్పుకోలేదు నేను. ఆ మెట్లు కట్టింది ఫిల్ముని కొలవడానికే గాని మనిషి నొప్పిని కొలవడానికి కాదనీ, నాలుగో మెట్టు మీదున్నవాళ్లు కొందరు పొలం పనులు చేసుకుంటూ తిరుగుతారనీ, ఒకటో మెట్టు వాళ్లు కొందరు రాత్రంతా మూలుగుతారనీ అప్పుడెవరైనా చెప్పినా వినేవాణ్ణి కాదు.

డాక్టరు ఫిల్ము సరిగ్గా చూడలేదని తేల్చేసి, నా వైద్యం నేనే మొదలుపెట్టాను. అరిగింది ఎలాగూ అరిగింది, మిగిలిన గుజ్జునైనా పొదుపు చేద్దామని నడక మానేశాను. కూరగాయలు గుమ్మంలోకే రావడం మొదలైంది. మేడ మీద మొక్కలకి నీళ్లు పోసే పని మా ఆవిడ నెత్తిన పడింది (ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరమవుతుంది). కొన్నాళ్లకి కుడి తొడ పీలగా తయారైంది. అంతకుముందు కరకరమని ఊరుకునే మోకాలు ఇప్పుడు నిజంగానే నొప్పి పుట్టి, లేచి నిలబడితే చటుక్కున మడతపడేది. చూశావా, గ్రేడ్ 3 అంటే ఇదీ అని గర్వంగా చెప్పుకున్నాను.

అప్పుడే టీవీలో గుజ్జు పెంచే పొడి సంగతి విన్నాను. పేరు చెప్పను, కొన్నవాణ్ణి నేను, తప్పు డబ్బాది కాదు. ఒక కోర్సు మింగాక, అమ్మినవాడు చెప్పినట్టే మళ్లీ ఎక్స్‌రే తీయించాను. ఈసారి ఇంటి దగ్గర్లో కొత్తగా పెట్టిన సెంటర్లో. రెండు ఫిల్ములూ పక్కపక్కన పట్టి, నా పాత స్టీలు స్కేలు పెట్టి కొలిచాను. మొదటిదాంట్లో లోపలి సందు రెండు మిల్లీమీటర్లు లేదు. రెండోదాంట్లో నిక్షేపంగా నాలుగు! గుజ్జు పెరిగింది. ఒంగోలు ఎండలో, రిటైరైన మనిషి మోకాల్లో, గుజ్జు మొలకెత్తింది.

ఇక ఆగుతానా? రెండు ఫిల్ముల మీదా పెన్సిలుతో బాణపు గుర్తులు పెట్టి, కొలతలు రాసి, పార్కు బెంచీ దగ్గర ప్రదర్శన పెట్టాను. మా పక్కింటి హెడ్మాస్టారు కళ్లజోడు సర్దుకుని రెండు ఫిల్ములూ ఆకాశానికెత్తి చూసి, "ప్రత్యక్ష ప్రమాణం ఉంటే ఇంకేం కావాలండీ" అన్నారు. మర్నాడే ఆయనింటికి డబ్బా వచ్చింది. తర్వాత కాలనీలో ఎన్నిళ్లకి వచ్చిందో నేను లెక్క పెట్టలేదు.

ఈ ఉత్సవాలు జరుగుతున్న రోజుల్లోనే మా ఇంట్లో ఇంకో విషయం నడుస్తోంది. అది నాకు కనబడలేదు అనను. కనబడింది, చదవడం రాలేదు.

మా ఆవిడ ముగ్గు వేస్తే చూసి తీరాలి. చుక్కలు ముందు పెట్టుకునే అలవాటు కూడా తక్కువ. చూపుడు వేలికీ బొటనవేలికీ మధ్య పిండి జారుతుంటే గీత ఒకే మందాన, తెగకుండా వంపు తిరిగి మొదలుపెట్టిన చోటికే వచ్చి కలిసేది. టీ-స్క్వేరూ ఫ్రెంచి కర్వూ లేకుండా అలాంటి గీత మా ఆఫీసులో ఒక్కడికీ రాదు. ఆ ధనుర్మాసంలో ఆ గీత పాడైంది. ఒకచోట పిండి కుప్ప పోసినట్టు పడేది, ఒకచోట తెగిపోయేది. వంపుల్లో వణుకు. నేను కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి, "ఏమిటే, లైనులో కన్సిస్టెన్సీ లేదు?" అన్నాను. తలెత్తకుండా, "పొద్దున్నే వేళ్లు ముడుచుకోవడం లేదండీ. పదిన్నరకి రమ్మనండి మీ లక్ష్మీదేవిని, అప్పుడు బాగా వేస్తాను" అంది.

అంతకంటే స్పష్టంగా ఏ రోగీ ఏ డాక్టరుకీ చెప్పి ఉండదు. పొద్దున లేచాక గంటకి పైగా వేళ్లు బిగుసుకుపోయి, పని చేసేకొద్దీ వదులవడం, రెండు చేతులకీ ఒకేలా రావడం, పిడికిలి బిగిస్తే పైకి లేచే మెటికల దగ్గరా మణికట్టు దగ్గరా మెత్తగా వాపు. నా మోకాలు దీనికి పూర్తిగా వ్యతిరేకం. కూర్చుని లేస్తే కాసేపు పట్టేసి, నాలుగడుగులు వేస్తే వదిలేది, ఎక్కువ తిరిగిన సాయంత్రం నొప్పెట్టేది. రెండు కథలూ ఒకే కప్పు కింద రోజూ వింటూ ఒకటే జబ్బనుకున్నాను. వయసు.

సలహాలకి కొదవ లేదు. ఎదురింటావిడ, అది చికున్‌గున్యా మిగిల్చిన నొప్పి అంది. 2005, 2006ల్లో ఆ జ్వరం ఆంధ్రదేశాన్ని కుదిపేసిన దగ్గర్నుంచీ ఏ కీలు నొప్పెట్టినా దాని ఖాతాలోనే రాస్తారు. మా ఆవిడకి ఆ జ్వరం రానేలేదు. నాకు మాత్రం ఇంకో సిద్ధాంతం ఉంది. దాని దగ్గరికి వస్తాను.

చివరికి గాజులు ఎక్కడం మానేశాక, కుక్కరు మూత తిప్పలేక పనిమనిషి వచ్చేదాకా అన్నం ఆగడం మొదలయ్యాక, నేను నా పద్ధతిలో రంగంలోకి దిగాను. ముందు ఫిల్ము తీయిద్దాం అన్నాను. డాక్టరు కంటే ముందు ఫిల్ము! ఎక్స్‌రే గదిలో టెక్నీషియను కుర్రాడు, "అమ్మా, ఉంగరం తీసెయ్యండి" అన్నాడు. రాలేదు. సబ్బు రాశారు, రాలేదు. దారం చుట్టి తిప్పారు. ఆవిడ పళ్ల బిగువున ఓర్చుకుంటుంటే నేనేం చేస్తున్నానో తెలుసా? కుర్రాడికి చరిత్ర చెబుతున్నాను. "1895 డిసెంబరు 22న రాంట్‌జెన్ తీసిన మొదటి చేతి ఎక్స్‌రే వాళ్లావిడ అనా బెర్తాదే నాయనా! అందులోనూ ఉంగరం ఉంటుంది. ఆయనకి ఫిజిక్సులో మొట్టమొదటి నోబెల్ వచ్చింది, 1901లో. మా ఆవిడ ఉంగరం ఉన్నా ఫర్లేదు, కానియ్." కుర్రాడు నవ్వాడు. ఉంగరంతోనే తీశాడు. పెళ్లినాటి నుంచీ తలంటు పోసుకునేటప్పుడల్లా తీసి గూట్లో పెట్టే ఉంగరం ఇవాళ ఎందుకు రావడం లేదని నాకు తోచలేదు. నోబెల్ బహుమతి సంవత్సరం మాత్రం తోచింది.

రిపోర్టు: ఎముకల్లో చెప్పుకోదగ్గ లోపం లేదు.

ట్యూబులైటు కింద నేనూ చూశాను. ముళ్లు లేవు, సందులు బాగున్నాయి. నా మోకాలి ఫిల్ము ముందు ఈ చేతుల ఫిల్ము కొత్తగా కట్టిన కల్వర్టు. "నార్మల్!" అని ప్రకటించాను, శుభవార్త చెబుతున్నట్టే. ఆవిడ ఫిల్ము వైపు చూడలేదు, నా వైపు చూసింది. "మీ మోకాలికి బొమ్మ ఉంది గనక నొప్పి ఉంది. నా చేతికి బొమ్మ లేదు గనక నొప్పి లేదు. అంతేగా?" అంది. నేను నా సిద్ధాంతం తీశాను. "అది కాదే. మీ ఊరి నీళ్లు."

మా అత్తారిది పొదిలి దగ్గర పల్లె. ఆ నేలలో ఫ్లోరైడు సంగతి ప్రపంచానికి తెలిసింది ఇవాళ కాదు. ఆ ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లోనే, 1937లో, షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్ అనే నలుగురు మద్రాసు ప్రెసిడెన్సీలోని ఫ్లోరోసిస్ గురించి వైద్య పత్రికలో రాశారు. వాళ్లలో బర్నార్డ్ ఎక్స్‌రే డాక్టరు. మద్రాసులో ఆ విద్యకి ఆయన పేరుతోనే సంస్థ ఉంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో కనిగిరి వైపు సర్వేకి వెళ్లినప్పుడు, పక్కకి చూడాలంటే మెడ తిరక్క మనిషి మొత్తం తిరిగేవాళ్లని చూశాను. వాళ్ల ఎక్స్‌రేలో వెన్నూ కటి ఎముకలూ సుద్ద తెలుపుకి తిరుగుతాయి, ఎముకల్ని కట్టి ఉంచే నరాల్లాంటి పట్టీలు గట్టిపడి ఎముకలవుతాయి, ముంజేతిలో రెండు ఎముకల మధ్య పొర కూడా ఎముక కడుతుంది. ఇదంతా ఎక్కడో చదివి పెట్టుకున్నాను. మా ఆవిడ ఫిల్ములో ముంజేయి రెండంగుళాలే పడింది. ఆ రెండంగుళాల్లో భూతద్దం పెట్టి వెతికాను.

"మా ఊరి నీళ్లు మా అన్నయ్యా తాగాడు, మా చెల్లీ తాగింది. వాళ్ల వేళ్లు బిగుసుకోవడం లేదే?" అంది. "నీకు ఆరంభ దశ" అన్నాను. వాళ్ల ఊరి వాటర్ ట్యాంకు మీద కూడా ఒక ఉపన్యాసం ఇచ్చాను. భార్య చేతి వాపుని అత్తారింటి మీదకి తోసేసే అవకాశం ఏ తెలుగు మొగుడు మాత్రం వదులుకుంటాడు!

సంక్రాంతికి మా మేనకోడలు వచ్చింది. హైదరాబాదులో రేడియాలజిస్టు. గడప దాటుతూనే "అత్తయ్యా!" అని చేతులు పట్టుకుని ఊపింది. మా ఆవిడ "అబ్బా!" అని వెనక్కి లాక్కుంది. పిల్ల చేతులు వదల్లేదు, ఈసారి మెల్లగా పట్టుకుని మెటికలన్నిటినీ ఒకేసారి పక్కల నుంచి ఒత్తి చూసింది. "పొద్దున ఎంతసేపు ఉంటుంది అత్తయ్యా?" "వేణ్నీళ్లలో పెడితే గంట. లేకపోతే పదింటిదాకా." "రెండు చేతులూనా?" "రెండూనే." నేను లోపలికి పరిగెత్తి ఫిల్ము తెచ్చాను. పిల్ల దాన్ని సోఫా మీద పెట్టి, "తర్వాత చూద్దాం మామయ్యా" అంది. ఎక్స్‌రేలు చూడ్డానికే జీతం తీసుకునే మనిషి! ఎక్స్‌రే చేతికిస్తే చూడకుండా చేతులు చూస్తోంది.

భోజనాలయ్యాక కిటికీ దగ్గర వెలుగులో ఫిల్ము పట్టుకుంది. "రిపోర్టు తప్పు కాదు. ఎముక కొరికినట్టు ఎక్కడా లేదు. కానీ నువ్వు తెలుపూ నలుపూ చూశావు మామయ్యా, మధ్యలో బూడిద రంగు వదిలేశావు." వేలు పెట్టి చూపించింది. మెటికల చుట్టూ కండ నీడ ఉబ్బి ఉంది, వేలు మధ్య కణుపు దగ్గర కదురులా తయారైంది. కీలుకి ఆనుకుని ఉన్న చోట ఎముక పలచబడింది, ఎముక నడుమ భాగంతో పోల్చి చూస్తేగాని తెలియనంత. "ఫ్లోరైడైతే ఎముక ఇంకా తెల్లబడాలి. ఇక్కడ వెలిసిపోతోంది. నువ్వన్నదానికి సరిగ్గా రివర్సు." నేను వాటర్ ట్యాంకు గురించి ఏమీ మాట్లాడలేదు. మా ఆవిడ మాట్లాడింది. అది ఇక్కడ రాయను.

హైదరాబాదు వెళ్లాం. అక్కడ మొదటి పని పాదాలకి ఎక్స్‌రే అన్నారు. చేతులు నొప్పంటే కాళ్ల ఫొటో ఏమిటని నేను గొణిగాను. ఈ జబ్బు, రుమటాయిడ్ ఆర్థ్రైటిస్, ఎముక మీద మొదటి కాటు చాలాసార్లు పాదంలో, చిటికెన వేలి మొదట్లో వేస్తుందట, నొప్పి చేతుల్లో ఉన్నా సరే. ఎడమ పాదంలో సరిగ్గా అక్కడే, ఎముక తల పక్కన, గుజ్జు కప్పు ఆగిపోయే అంచులో, చిన్న నొక్కు. నేను ఆ ఫిల్ము మీద ఏమీ అనలేదు. తర్వాత చేతికి అల్ట్రాసౌండు. నల్లటి తెర మీద కీలు లోపలి పొర ఉబ్బి ఉంది, మీట నొక్కగానే అందులో ఎర్రటి చుక్కలు మిణుకుమన్నాయి. రక్తం అక్కడికి పరిగెడుతోందన్నమాట. మా ట్యూబులైటు కింద నార్మలైన చెయ్యి అది. రక్త పరీక్షలో, ఈ జబ్బుని పట్టిచ్చే యాంటీ సీసీపీ గట్టిగా పాజిటివ్.

"ఈ జబ్బుని తేల్చడానికి 1987లో రాసుకున్న లెక్కలో ఎక్స్‌రే మార్పులు కూడా ఒక అంశం. 2010లో మళ్లీ రాసుకున్నప్పుడు ఎన్ని కీళ్లు, ఏ కీళ్లు, ఎన్నాళ్లుగా, రక్తంలో ఏముంది అన్నవాటి మీదే లెక్క కట్టారు. ఎముక కొరికేదాకా కాచుక్కూర్చుంటే మందుకి ఆలస్యమైపోతుందని" అంది మేనకోడలు. మేడ మీద బకెట్లు ఎవరు మోశారో ఆ పిల్లకి తెలియదు. నాకు తెలుసు.

మా ఆవిడ కీళ్లవాతం డాక్టరు దగ్గర వరసలో కూర్చుంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుంటే అక్కడ కూడా రిపోర్టు చదువుతానని భయపడి కాబోలు, మేనకోడలు తన చీకటి గదికి తీసుకెళ్లింది. పాఠాలు చెప్పడానికి పేర్లు తీసేసి దాచుకున్న ఫిల్ములు కంప్యూటర్లో ఒక్కోటీ వేసింది. "చెప్పు మామయ్యా, ఇదేమిటి?"

కాలి బొటనవేలి మొదలు. సందు చక్కగా ఉంది. "ఏమీ లేదు" అన్నాను. పక్కన చూడమంది. కీలుకి కాస్త అవతల ఎముకని గుండ్రంగా తొలిచినట్టుంది, తొలిచిన గుంట అంచు పైకి లేచి చూరులా వేలాడుతోంది. గౌటు. సందు చాలాకాలం చెడదు, గుంట మాత్రం పడుతుంది, అదీ ఏళ్ల తరబడి యూరిక్ ఆసిడ్ పేరుకున్నాక. మొదటి పోటు వచ్చిన రోజున ఎక్స్‌రేలో వాపు తప్ప ఏమీ ఉండదు. ఇప్పుడు రెండు శక్తుల ఎక్స్‌రేలతో తీసే సీటీలో ఆ స్ఫటికాలకి ఆకుపచ్చ రంగు వేసి చూపిస్తున్నారు. నాకు మా బావమరిది గుర్తొచ్చాడు. పెళ్లి భోజనం మర్నాడు బొటనవేలు ఎర్రగా వాచి దుప్పటి తగిలినా కేకలు పెడితే, రక్తంలో యూరిక్ ఆసిడ్ మామూలుగానే ఉందనీ, ఎక్స్‌రే శుభ్రంగా ఉందనీ, అది కొత్త చెప్పు కరిచిందనీ తీర్పు ఇచ్చాను. పోటు ఉన్న రోజున ఆ అంకె మామూలుగా ఉండొచ్చట. "చెప్పు కరిచింది సరే, నీ అదృష్టం బాగుంది మామయ్యా. ఒకే కీలు ఉన్నట్టుండి అలా వాచి జ్వరం కూడా వస్తే అది చీము కావచ్చు. ఆ రోజే సూది వేసి నీరు తీసి చూడాలి. ఎక్స్‌రే నార్మల్ అని ఇంట్లో కూర్చుంటే కీలు పోతుంది" అంది. ఆ మాట అన్నప్పుడు మాత్రం తన మొహంలో నవ్వు లేదు.

ఇంకోటి. వేళ్ల చివరి కణుపులు. ఒక ఎముక కొస పెన్సిలు చెక్కినట్టు సన్నగా, ఎదుటి ఎముక గిన్నెలా గుంటపడి. పెన్సిలు పేరు చెప్పగానే నా రంగంలోకి వచ్చినట్టయింది. వాళ్లు కూడా దాన్ని గిన్నెలో పెన్సిలు అనే పిలుస్తారట. సోరియాసిస్ ఉన్నవాళ్లకి వచ్చే రకం. రుమటాయిడ్ చివరి కణుపుల జోలికి సాధారణంగా పోదు, ఇది పోతుంది. రుమటాయిడ్ ఎముకని తింటుందే గాని కొత్తగా పెట్టదు, ఇది ఒక పక్క తింటూ పక్కనే నూగులా కొత్త ఎముక కూడా పెడుతుంది. నా మోకాల్లో ఉన్న అరుగుదల రకం చేతికొస్తే చివరి కణుపుల్లోనూ మధ్య కణుపుల్లోనూ బొటనవేలి మొదట్లోనూ గట్టి బుడిపెలు కడుతుంది, మెటికల్ని సాధారణంగా వదిలేస్తుంది. సందు తగ్గే తీరు కూడా వేరు. అరుగుదలలో బరువు పడే వైపు తగ్గుతుంది, రుమటాయిడ్‌లో కీలంతా సమానంగా తగ్గుతుంది. కొత్త ఎముక వస్తోందా పాత ఎముక పోతోందా, ఏ కణుపులో, ఒక పక్కా రెండు పక్కలా, తన పని సగం ఇదేనంది. నోట్సు రాసుకుంటానంటే వద్దంది.

చివర్లో ఒక వెన్నెముక వేసింది. పూస పూసకీ మధ్య వంతెనలు కట్టి, పైనుంచి కిందిదాకా ఒకే స్తంభం. కాలువ మీద పియర్లు గీసినవాణ్ణి, నా నోటి నుంచి అప్రయత్నంగా వచ్చేసింది: "ఏం గట్టి కట్టడమే!" పిల్ల కుర్చీలో వెనక్కి వాలి నవ్వింది. అది యాంకిలోజింగ్ స్పాండిలైటిస్. వెదురు వెన్ను అంటారు. వంగదు, చిన్నగా పడినా విరుగుతుంది. కుర్రాళ్లకి మొదలవుతుంది, తెల్లవారుజామున నడుం పట్టేసి లేపుతుంది, పడుకుంటే తగ్గదు, కదిలితే తగ్గుతుంది. నడుం కింద కటి కీళ్లు ఎక్స్‌రేలో చెడడానికి ఏళ్లు పట్టొచ్చు, ఎమ్మారైలో ఎముక లోపలి వాపు ముందే కనబడుతుంది. 1984 నాటి ప్రమాణాల్లో ఎక్స్‌రేలో చెడితేనే జబ్బు. 2009 నుంచి ఎమ్మారైని కూడా ఒప్పుకున్నారు. ఆ మధ్యకాలంలో ఎంతమంది కుర్రాళ్ల నడుంనొప్పిని ఇంట్లో నాలాంటి మామయ్యలు సోమరితనం కింద జమ కట్టారో!

ఇన్ని తప్పులు చెప్పాక కూడా నాకు ఒక ధైర్యం మిగిలే ఉంది. సంచిలో నా మోకాలి ఫిల్ములు రెండూ ఉన్నాయి. పెన్సిలు బాణాలతో సహా. "ఇది చూడు. ఇది మాత్రం కాదనలేవు" అని ఇచ్చాను.

పిల్ల రెండూ లైటు పెట్టె మీద పెట్టింది. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మామయ్యా, ఏ డ్రాయింగైనా ముందు ఎక్కడ చదవాలని మాకు చిన్నప్పుడు చెప్పేవాడివి?" అంది.

"టైటిల్ బ్లాకు."

మొదటి ఫిల్ము మూలన వేలు పెట్టింది. చిన్న అక్షరాలు: స్టాండింగ్. రెండో ఫిల్ము మూలన ఆ మాట లేదు. కొత్త సెంటర్లో నన్ను బల్ల మీద పడుకోబెట్టి తీశారు. ఎక్స్‌రేలో గుజ్జు కనబడదు, రెండు ఎముకల మధ్య ఖాళీ కనబడుతుంది, అంతే. నిలబడితే ఒంటి బరువంతా పడి ఎముకలు దగ్గరికొస్తాయి, అరిగిన వైపు ఖాళీ అసలు రూపం తేలుతుంది. పడుకుంటే బరువు లేదు, ఎముకలు ఎడంగా ఉంటాయి. నా మోకాల్లో మొలకెత్తింది గుజ్జు కాదు, మంచం.

"ఇంకోటి. స్కేలు పెట్టి కొలిచావు సరే, ఫిల్ము మీద స్కేలు ఎంతని రాసుంది?" ఎక్కడా రాయలేదు. ఒకటి కుదించి అచ్చేసింది, ఇంకోటి పూర్తి సైజు. నాట్ టు స్కేల్ అని ఉన్న డ్రాయింగు మీద కొలతలు తీసిన అప్రెంటిసుని ఒకసారి నలుగురిలో తిట్టాను. వాడు ఇప్పుడు సూపరింటెండింగ్ ఇంజనీరు.

మా ఆవిడకి మెథోట్రెక్సేట్ మొదలుపెట్టారు. అది వారానికి ఒక్కరోజే వేసుకోవాలి, రోజూ వేసుకుంటే ప్రాణం మీదకొస్తుందని డాక్టరు రెండుసార్లు చెప్పింది, మూడోసారి నా వైపు తిరిగి చెప్పింది. మంగళవారం అని చీటీ మీద రాసిచ్చింది. ఇంట్లో క్యాలెండరులో మంగళవారాలన్నిటికీ ఎర్ర సిరాతో పెట్టెలు గీశాను. నాకు మిగిలిన డ్రాయింగు పని అదే. మధ్య మధ్యలో రక్త పరీక్షలు. రెండు మూడు నెలలకి పొద్దుటి బిగువు తగ్గడం మొదలైంది. పాదంలో నొక్కు అలాగే ఉంది, అది పూడదట, కొత్తవి పడకుండా చూడ్డమే. ఉంగరం కంసాలి కోసి పెద్దది చేశాడు. ఇప్పుడు ఆవిడ ఫిల్ములూ రిపోర్టులూ బీరువాలో తన చీరల కింద పెట్టి తాళం వేసుకుంటుంది. మేనకోడలికి తనే ఫోన్లో పంపుతుంది.

నేను కుర్చీలో కూర్చుని కాలు చాపి పట్టి దించే కసరత్తు చేస్తున్నాను, మొదటి డాక్టరు చెప్పిందే. మొక్కలకి నీళ్లూ నేనే. మోకాలు మడతపడడం ఆగింది, నొప్పి బాగా తగ్గింది. ఫిల్ము తీస్తే ఇప్పటికీ గ్రేడ్ 3యే ఉంటుందంది మేనకోడలు. తీయించొద్దని కూడా అంది.

పొడి సంగతి మాత్రం తేలలేదు. ఊరికి రాగానే పార్కు బెంచీ దగ్గరికి వెళ్లి అందరి ముందూ చెప్పేశాను. నిలబడిందీ పడుకున్నదీ, స్కేలూ, అంతా. కొందరు నవ్వారు, ఒకాయన డబ్బా ఖరీదు నా దగ్గర వసూలు చేస్తానన్నాడు. హెడ్మాస్టారు మాత్రం ఒప్పుకోలేదు. "మీరు మొదట కొలిచి చెప్పిందే శాస్త్రీయంగా ఉందండీ. ఇప్పుడు ఆ అమ్మాయి చెప్పిందని మాట మారిస్తే ఎలా?" అన్నారు. ఆయన రెండో డబ్బా కూడా పూర్తి చేశారు. నిన్న సాయంత్రం కవరు పట్టుకుని గేటు దగ్గరే ఆపి, తనకీ సందు పెరిగిందని చెప్పారు. ఎలా తీశారండీ అని అడిగాను.

"మోకాళ్ల నొప్పులవాణ్ణి నిలబెడతారా? హాయిగా పడుకోబెట్టే తీశారు" అన్నారు.